మా ఆయన ఏం నొక్కారో ఆయనకే గుర్తు లేదు

చిత్తూరు కోర్టుకు దగ్గర్లో జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్న ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇదీ.

షాపుకంతా ఒకటే ల్యాప్‌టాప్. 2016లో కొన్నారు. తర్వాత పాత హార్డ్ డిస్క్ స్థానంలో వేగంగా పని చేసే ఎస్‌ఎస్‌డీ అనే డిస్క్ వేయించి, ర్యామ్ 8 జీబీకి పెంచారు. అందులో విండోస్ 10. పగలంతా అఫిడవిట్లు, అర్జీలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. ముహూర్తాలున్నప్పుడు పెళ్లి పత్రికలు, మే నెలలో గంగమ్మ జాతర కరపత్రాలు. పత్రికల పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లతోనే. తిరుపతిలో బీటెక్ చదివే ఆడబిడ్డ కొడుకు సెలవులకొచ్చి, "అత్తా, విండోస్ 10కి ఇంక అప్‌డేట్లు రావు. జనాల ఆధార్లు, ఓటీపీలు దీంట్లోనే కొడతా ఉండావు. నెట్ పనికి లినక్స్ వాడుకో, పత్రికలకు విండోస్ ఉంచుకో" అని చెప్పి, రెండూ ఉండేలా పక్కనే, విండోస్ లాగే మిషన్‌ను నడిపే, ఉచితంగా దొరికే లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ వేశాడు. మిషన్ ఆన్ చేయగానే ఏది కావాలో అడిగే మెనూ వచ్చేది.

అయితే లినక్స్‌లో వైఫై రాలేదు. అల్లుడు ఫోన్‌ను వైరుతో కలిపి, ఆ నెట్‌తో ఏదో ఎక్కించాడు. మధ్యలో పాస్‌వర్డ్ పెట్టమంటే పెట్టాడు. బస్సుకు టైమైందని, "ఒకసారి రీస్టార్ట్ చెయ్యి అత్తా, వచ్చేస్తుంది" అని బ్యాగు తగిలించుకున్నాడు. రీస్టార్ట్ చేస్తే నీలం తెర ఒకటి వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని చదివేలోపు పోయింది. వైఫై రాలేదు. విండోస్‌లో మాత్రం బాగానే వస్తోంది. లినక్స్‌లో గడియారం కూడా తేడా, పొద్దున పదింటికి మధ్యాహ్నం మూడున్నర చూపిస్తోంది. లినక్స్‌లోకి వెళ్లి డి డ్రైవ్ తెరిస్తే ఫైళ్లు కనిపిస్తాయి గానీ సేవ్ కావు.

వారం తర్వాత విండోస్‌లో ఏదో అప్‌డేట్ పడింది. ఆ మర్నాటి నుంచి మెనూ లేదు, నేరుగా విండోసే. అప్పుడు భర్తగారు వీడియో ఒకటి చూసి, బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందే తెరుచుకునే మిషన్ సెట్టింగుల్లోకి, వెళ్లి మింట్ కోసం వెతికారు. అది దొరకలేదు. వేరేవి ఒకటి రెండు మార్చి సేవ్ కొట్టారు. అప్పటి నుంచి నల్ల తెర, బూట్ అయ్యే డివైసు లేదని ఒక ఇంగ్లిష్ వాక్యం. అంతే. రిపేరు షాపతను చూసి హార్డ్ డిస్క్ పోయిందన్నాడు. మార్చి, ఫార్మాట్ చేసి ఇవ్వడానికి 3,500 అడిగాడు. వచ్చే వారానికి రెండు పెళ్లి పత్రికలు ఇవ్వాలి. మూడేళ్ల కస్టమర్ల ఫైళ్లు డి డ్రైవ్‌లో ఉన్నాయి. భర్తగారు "పిల్లోడి మాట విని మిషన్ పాడు చేశావు" అంటున్నారు. ఆడబిడ్డ ఫోన్ చేసి "మావాడు మంచికే కదా వదినా చేసింది" అంటోంది. పిల్లాడేమో ఫోన్ ఎత్తడం లేదు. "ఫార్మాట్ చేయించేదా? వైఫై కార్డు కాలిపోయిందా? లినక్స్ తీసేయించేదా? మా ఆయన ఏం నొక్కారో ఆయనకే గుర్తు లేదు" అని ఉత్తరం ముగించారు.

*

అమ్మా, ముందు ఆ 3,500 జేబులోనే ఉంచండి. ఫార్మాట్ అన్న మాట ఈ వారం ఎవరు ఎత్తినా వద్దనండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకది ఒకే పెద్ద గండంలా కనిపిస్తోంది గానీ, అందులో ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు చిన్న చిక్కులున్నాయి. మిషన్ బూట్ కాకపోవడం ఒకటి. మెనూ మాయమవడం రెండోది. వైఫై మూడోది. గడియారం, డి డ్రైవ్ గొడవ కలిపి నాలుగోది. వీటిలో మీ షాపును ఆపింది మొదటిదొక్కటే, అది అల్లుడు చేసింది కాదు.

కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ గానీ లినక్స్ గానీ ఎక్కడున్నాయో వెతికే పద్ధతులు రెండున్నాయి. పాతదాన్ని బయోస్‌లో లెగసీ అని రాస్తారు, కొత్తదాన్ని యూఈఎఫ్‌ఐ అంటారు. లెగసీ పద్ధతి డిస్క్ మొట్టమొదటి ముక్కలో బూట్ కోడ్ ఉందా అని చూస్తుంది. యూఈఎఫ్‌ఐ అయితే డిస్క్‌లో విడిగా ఉండే ఒక చిన్న పార్టిషన్‌లోకి, అంటే గది లాంటి భాగంలోకి, వెళ్లి, అక్కడున్న ఫైళ్లను చదువుతుంది. మీ మిషన్‌లో రెండూ యూఈఎఫ్‌ఐ పద్ధతిలో ఎక్కించినవే అనుకుంటున్నాను, కారణం మీరు చెప్పిన ఆ నీలం తెర. దాని సంగతి తర్వాత చెబుతాను. మీ వారు బహుశా యూఈఎఫ్‌ఐ తీసి లెగసీ పెట్టారు. ఆఫీసు వేరే వీధికి మారిపోయాక పాత బిల్డింగు తలుపు కొట్టి, ఎవరూ లేరని తిరిగొచ్చినట్టు, మిషన్ ఖాళీ చోట వెతికి ఏమీ లేదంటోంది. డిస్క్‌లో ఉన్నవన్నీ ఉన్నచోటే ఉంటాయి.

డిస్క్ నిజంగా బతికుందో లేదో తెలుసుకోవడానికి ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు. మిషన్ ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 గానీ ఎఫ్10 గానీ, మీ కంపెనీకి ఏదైతే అది, తపతపా కొట్టండి. బయోస్ తెరుచుకున్నాక, స్టోరేజ్ వివరాలున్న పేజీలో మీ ఎస్‌ఎస్‌డీ మోడల్ పేరు, సైజు కనిపిస్తే డిస్క్ అందులోనే ఉంది, మిషన్ దాన్ని చూస్తోంది. ఏమీ కనిపించకపోతే, అప్పుడు రిపేరు షాపతని మాట గురించి ఆలోచిద్దాం. అదీ వెంటనే కాదు, ఎస్‌ఎస్‌డీ తీసి మళ్లీ బిగించి చూశాకే.

డిస్క్ కనబడితే, ఏదీ మార్చకముందు ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీయండి. మీ వారు చేయని పని అదొక్కటే, దానివల్లే ఇంత టెన్షన్. తర్వాత బూట్ మోడ్ అనే వరుసకెళ్లి, లెగసీ అని ఉంటే యూఈఎఫ్‌ఐ చేసి, సేవ్ కొట్టి బయటికి రండి. మరే సెట్టింగూ ముట్టుకోవద్దు. ముఖ్యంగా సాటా మోడ్ అని ఒకటుంటుంది, ఏహెచ్‌సీఐ అనో, రెయిడ్ అనో. దాన్ని కదిలిస్తే డిస్క్ బాగున్నా విండోస్ తన సొంత ఎర్రర్ తెర చూపించి పడిపోతుంది (మీరు చూసిన నీలం తెర వేరు). అన్నీ డిఫాల్ట్ చేసేస్తే పోలేదా అని మీ వారు అనొచ్చు. చాలాసార్లు పని చేస్తుంది గానీ, ఆ సాటా మోడ్ కూడా దాంతోపాటే మారే ప్రమాదముంది. అందుకని అది చివరి ప్రయత్నంగా ఉంచండి.

ఒకవేళ విండోస్ తెరుచుకుంటూ 48 అంకెల రికవరీ కీ అడిగితే కంగారు పడకండి. బయోస్‌లో మార్పులు జరిగినప్పుడు, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు, ఉంటే అలా అడుగుతుంది. విండోస్‌లో మీరు లాగిన్ అయ్యే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ను ఫోన్‌లో తెరిస్తే ఆ కీ సాధారణంగా అందులోనే ఉంటుంది.

విండోస్ వచ్చిందా? సంతోషం. కానీ పత్రికలు మొదలుపెట్టకండి. ముందు డి డ్రైవ్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. అనూ ఫాంట్ల ఫోల్డరు, పేజ్‌మేకర్ సెటప్ కూడా. అనూలో కొట్టిన తెలుగు అన్ని మిషన్లూ చదవగలిగే యూనికోడ్ కాదు కాబట్టి, ఆ ఫాంట్లు లేని మిషన్‌లో మీ పత్రిక తెరిస్తే వధువు పేరు బదులు పిచ్చి గుర్తులొస్తాయి. ఈ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. మూడేళ్ల ఫైళ్లు ఒక్క డిస్క్‌లో ఉన్నాయంటే నాకు ఆ నల్ల తెరకన్నా దానికే గుండె జారింది.

ఇక మెనూ సంగతి. అప్‌డేట్ల తర్వాత బూట్ వరుసలో విండోస్ పైకి రావడం, లినక్స్ కిందికి పోవడం రెండూ కలిపి వాడేవాళ్లకు అలవాటైన చికాకు. లినక్స్ చెరిగిపోలేదు, వరుసలో వెనక్కి వెళ్లిందంతే. మరి మీ వారు వెతికితే ఎందుకు దొరకలేదంటారా? ఆయన మింట్ అనే పేరు కోసం వెతికారు. లినక్స్ మింట్‌ను ఉబుంటు అనే ఇంకో లినక్స్ మీద కట్టారు. బూట్ వరుసలో అది ఉబుంటు అనే పేరుతోనే కనిపిస్తుంది! ఇంటిపేరు తెలియకుండా ఓటరు లిస్టులో వెతికినట్టయింది పాపం. బయోస్‌లో బూట్ ఆర్డర్ పేజీలో ఉబుంటును విండోస్ బూట్ మేనేజర్‌కు పైన పెడితే మెనూ తిరిగొస్తుంది. కొన్ని మిషన్లు మొండివి, ఎంత మార్చినా విండోస్‌నే పైకి లాగుతాయి. అలాంటప్పుడు ఆన్ చేయగానే ఎఫ్12 లేదా ఎఫ్9 నొక్కి, వచ్చే చిన్న జాబితాలో ఉబుంటు ఎంచుకోవచ్చు. రోజుకు ఒకసారి మార్చుకునేవాళ్లకు అదేం కష్టం కాదు.

వైఫై దగ్గర కాస్త నిలబడదాం, మీ ఇంట్లో గొడవంతా దాని చుట్టూనే ఉంది కాబట్టి. కార్డు కాలిపోలేదు. విండోస్‌లో వస్తోందని మీరే రాశారు, కాలిన కార్డు ఎందులోనూ పని చేయదు. అల్లుడు రాసిపెట్టిన చీటీలో చిప్ పేరు బ్రాడ్‌కామ్ 43142 అని ఉందన్నారు. చాలా వైఫై చిప్‌లను నడిపించే చిన్న ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లోనే కలిసి వస్తాయి, ఈ చిప్ డ్రైవర్ మాత్రం విడిగా వేసుకోవాలి. అల్లుడు ఫోన్ నెట్‌తో ఎక్కించింది అదే, సరిగ్గానే చేశాడు.

అసలు చిక్కు ఆ నీలం తెరలో ఉంది. బయోస్‌లో సెక్యూర్ బూట్ అనే కాపలా ఉంటుంది. సంతకం లేని ప్రోగ్రాములను బూట్ దశలో లోపలికి రానివ్వదు. విడిగా ఎక్కించిన డ్రైవర్ మీ మిషన్‌లోనే తయారవుతుంది, దానిమీద మీ మిషనే సంతకం పెడుతుంది. ఆ సంతకాన్ని నమ్మొచ్చని యజమాని స్వయంగా వచ్చి చెప్పాలి. ఆ చెప్పే చోటే నీలం తెర. అది ఏదో ఒక కీ నొక్కమని 10 సెకన్లు లెక్కపెడుతుంది. ఎవరూ నొక్కకపోతే అడిగిన మాటే మర్చిపోయి ముందుకెళ్లిపోతుంది. డ్రైవర్ ఉంటుంది గానీ కాపలా దాన్ని రానివ్వదు, వైఫై గుర్తే కనిపించదు. మొదటిసారి నేనూ దాన్ని పోగొట్టుకున్నాను. ఆ పది సెకన్లలో కాఫీ గ్లాసు పక్కన పెట్టడానికే సరిపోయింది. మీరు కళ్లజోడు కోసం వెతుక్కున్నారు, తేడా అంతే.

ఇప్పుడొక తమాషా చెప్తాను. చాలా మిషన్లలో సెక్యూర్ బూట్ ఆఫ్ చేస్తే తప్ప లెగసీ పెట్టనివ్వదు. అంటే మీ వారు తెలియకుండానే దాన్ని ఆఫ్ చేసి ఉంటారు. మీరు యూఈఎఫ్‌ఐకి తిరిగొచ్చాక సెక్యూర్ బూట్‌ను వెంటనే ఆన్ చేయకండి. అలాగే లినక్స్‌లోకి వెళ్లి చూడండి. వైఫై పేర్ల జాబితా కనిపించిందంటే చిప్ బాగుంది, డ్రైవర్ బాగుంది, సంతకం ఒక్కటే మిగిలిందని రుజువైనట్టే. ఆయన చేసిన పొరపాటు మనకు పరీక్షగా పనికొస్తుంది. ఈ మాట ఆయనతో కూడా చెప్పండి, కొంచెం చల్లబడతారు.

అక్కడి నుంచి దారి మీ ఇష్టం. సెక్యూర్ బూట్ అలాగే ఆఫ్‌లో ఉంచేస్తే ఇంకేమీ చేయక్కర్లేదు, విండోస్ 10 కూడా నడుస్తుంది. కాకపోతే బూట్ దశలో దూరే దొంగ ప్రోగ్రాములకు ఒక అడ్డు తగ్గుతుంది. ఎవరెవరి పెన్‌డ్రైవ్‌లో రోజూ గుచ్చే షాపు మీది. నేనైతే ఆన్‌లోనే ఉంచుకుంటాను. అందుకు అల్లుడు, కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో ఆ సంతకం దరఖాస్తును మళ్లీ పెట్టాలి. అప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, ఎనిమిది అక్షరాలకు తగ్గకుండా, తేలిగ్గా ఉండేది పెట్టి కాగితం మీద రాసుకోండి. తర్వాత బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆన్ చేసి మిషన్ మొదలుపెడితే నీలం తెర వస్తుంది. చేయి కీబోర్డు మీదే ఉండాలి. ఏదైనా కీ నొక్కండి. మొదటి వరుసలో ఉండేది బూట్ కొనసాగించమనే మాట, దాన్ని ముట్టుకోవద్దు. రెండోదానిలో ఎన్‌రోల్ అనే మాట, పక్కనే ఎం, ఓ, కే అనే మూడక్షరాలు ఉంటాయి, అది ఎంచుకోండి. కంటిన్యూ, తర్వాత ఎస్, ఆ తర్వాత కాగితం మీది పాస్‌వర్డ్. కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా పడవు, అయినా ఎక్కుతుంటుంది. చివరికి రీబూట్. ఆ పాస్‌వర్డ్‌తో మళ్లీ పని లేదు, కాగితం చింపేయొచ్చు.

ఇంత తతంగం లేని మూడో దారి కూడా ఉంది, మీకు నచ్చకపోవచ్చు గానీ నాకు అదే ఇష్టం. మీ రూటర్ టేబుల్‌కు పదడుగుల దూరంలో గోడకుందని రాశారు. 2016 ల్యాప్‌టాప్ కాబట్టి పక్కన లాన్ వైరు పెట్టే రంధ్రం ఉండే అవకాశం ఎక్కువ. ఒక లాన్ కేబుల్ తెచ్చి కలపండి. సాధారణంగా దానికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు, పాస్‌వర్డూ వద్దు. షాపులోంచి కదలని ల్యాప్‌టాప్‌కు వైఫై ఎందుకో నాకైతే అర్థం కాలేదు. కరెంటు వైరు ఎలాగూ వేలాడుతూనే ఉంటుంది కదా, పక్కన ఇంకోటి. వైఫైయే కావాలనుకుంటే ఒక మాట గుర్తుంచుకోండి. లినక్స్‌లో కెర్నెల్ కొత్తది వచ్చినప్పుడు ఇలా విడిగా వేసిన డ్రైవర్ ఒక్కోసారి దానితో కుదరక వైఫై మళ్లీ పోవచ్చు. అప్పుడు మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనే వరుస తెరిచి పాత కెర్నెల్‌తో ఎక్కితే ఆ రోజుకు పని జరిగిపోతుంది.

డి డ్రైవ్‌లో సేవ్ కాకపోవడం గురించి రెండు ముక్కలు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఆన్‌లో ఉంటే, మీరు షట్ డౌన్ కొట్టినా అది పూర్తిగా పడుకోదు, సగం నిద్రలో ఉంటుంది. తలుపు తీసిపెట్టి నిద్రపోయినవాడి ఇంట్లో సామాను కదిలించడం ఎందుకని లినక్స్ ఆ డ్రైవ్‌లో రాయడానికి ఒప్పుకోదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి దాన్ని ఆపేయండి. విచిత్రం ఏమిటంటే, రీస్టార్ట్ కొడితే మాత్రం విండోస్ పూర్తిగానే మూతపడుతుంది.

మరి అసలు లినక్స్ ఉంచుకోవాలా? అల్లుడి ఆలోచన తప్పు కాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ మిషన్ ప్రాసెసర్ విండోస్ 11కు ఒప్పుకునేంత కొత్తది కాదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదైతే సెక్యూరిటీ అప్‌డేట్లను ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు పొడిగించారు. లినక్స్ తీసేసి ఆ గడువు దాకా లాక్కురావడం ఒక దారి, దాంతో కాలం కలిసొస్తుంది గానీ చివరికి కొత్త మిషన్ ఖర్చు తప్పదు. తీయించేటట్టయితే, ముందు బూట్ వరుసలో విండోస్‌ను పైకి తెచ్చి, అది ఎక్కుతోందని చూసుకుని, ఆ తర్వాతే లినక్స్ పార్టిషన్ చెరపాలి. ముందే చెరిపితే, ఆ మెనూ చూపించే ప్రోగ్రాము పేరైన గ్రబ్ అని నల్ల తెర మీద ఒక్క పదం నిలబడుతుంది, మీ వారు మళ్లీ వీడియోలు చూస్తారు. రెండూ ఉంచుకుని, పత్రికలప్పుడు విండోస్‌లో నెట్ ఆపేసి, నెట్ పనంతా లినక్స్‌లో చేసుకోవడం ఇంకో దారి. మింట్ 22 అయితే 2029 దాకా అప్‌డేట్లొస్తాయి. ఇబ్బంది ఏమిటంటే రోజుకు రెండుమూడు సార్లు మార్చుకుంటూ ఉండాలి, కస్టమర్ ఎదురుగా నిలబడి ఉండగా. పూర్తిగా లినక్స్‌కే వెళ్లిపోవడం మాత్రం అనూ మీద బతికే షాపుకు ఇప్పుడు చెప్పను. అయితే కరపత్రాల్లాంటి చిన్న పనులు యూనికోడ్ ఫాంట్లతో మొదలుపెట్టి చూడొచ్చు. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో మన శ్రీకాళహస్తి కవి పేరుతో ధూర్జటి అని ఒకటుంది, జాతర హెడ్డింగుకు బాగుంటుంది.

అల్లుడి విషయం. వాడి తప్పల్లా రీస్టార్ట్ అయ్యేదాకా ఆగకుండా బస్సెక్కడం. డ్రైవర్ ఎక్కించడం పని అనుకున్నాడు, దాన్ని మీ చేతికి అప్పగించడం కూడా పనేనని ఇంకా తెలీదు. వాడు ఫోన్ ఎత్తకపోవడం పొగరు కాదు, మామ ఏమంటాడోనన్న భయం. మీరు ఫోన్ చేస్తే ఎత్తడు, మెసేజ్ పెట్టండి: "మిషన్ బాగానే ఉంది, నీలం తెర పోగొట్టింది నేనే, ఆదివారం వీడియో కాల్‌లో కమాండ్ చెప్పు చాలు." మీ ఆడబిడ్డకు ఇందులో చెప్పాల్సిందేమీ లేదు. మీ వారికి చెప్పేది కూడా ఒకటే, ఇకమీదట బయోస్‌లోకి వెళ్లేముందు ఫొటో తీయమని. ఆయన తెలుసుకోవాలనే వెళ్లారు కదా, చెడగొట్టాలని కాదు. పెళ్లి పత్రికలు రెండూ ప్రెస్సుకెళ్లేదాకా మాత్రం లినక్స్ జోలికే ఎవరూ పోవద్దు. విండోస్ ఎక్కగానే ముందు ఫైళ్ల కాపీ, ఆ తర్వాత పత్రికలు, మిగతావన్నీ ఆదివారమే.

గడియారం మర్చిపోయాను. అది వైరస్ కాదు. మిషన్‌లోని గడియారాన్ని విండోస్ మన స్థానిక సమయం అనుకుంటుంది, లినక్స్ గ్రీనిచ్ సమయం అనుకుని దానికి అయిదున్నర గంటలు కలుపుతుంది. పది కాస్తా మూడున్నర అయింది అందుకే. లినక్స్‌లో నెట్ వచ్చాక అక్కడ సరైపోతుంది గానీ, అప్పుడు విండోస్‌లో పొద్దున పదింటికి తెల్లవారుజాము నాలుగున్నర కనిపించడం మొదలవుతుంది. గడియారాన్ని స్థానిక సమయంలోనే చూడమని లినక్స్‌కు చెప్పే కమాండ్ ఒకటుంది, టైమ్‌డేట్‌సీటీఎల్ అంటే అల్లుడికి తెలుస్తుంది. ఆదివారం దాన్ని కూడా కొట్టించుకోండి. అప్పటిదాకా రసీదుల మీద టైము పెన్నుతో దిద్దుకోండి.